కాటాకు అందని కంచు తాళం

ధనుర్మాసం... తెల్లవారుజాము. కొబ్బరి తోటల మీద మంచు ఇంకా విడలేదు. కాలువ గట్టు మీదుగా భజన బృందం వస్తోంది. మనుషులు కనిపించరు, పాట సరిగా వినిపించదు. అన్నిటికంటే ముందు మన గుమ్మంలోకి వచ్చేది తాళం చప్పుడే! ఖంగుమని మోగి, సన్నగా సాగి, తర్వాతి దెబ్బ పడేదాకా గాల్లో నిలిచే ఆ నాదం ఇత్తడిది కాదు... కంచుది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట... కోనసీమలో ఏ వైపు వెళ్లినా ఊరికో రామకోవెల, అందులో ఓ జత తాళాలు మామూలే. ఇళ్లలో అటకల మీద కూడా తాతలనాటి జతలు ఉంటాయి. భజనకు వెళ్లే పెద్దాయన పోయాక వాటిని పట్టించుకునేవారుండరు. ఓ రోజు వీధిలో 'పాత సామాన్లు కొంటాం' అన్న కేక వినపడగానే చిల్లుపడ్డ బిందెతోపాటు అవీ కాటా ఎక్కేస్తాయి. కిలోల లెక్కన పోయిన తాళం చేరేది కొలిమికే. మరోపక్క భజన సమాజాలవాళ్లు, మనవరాలికి కూచిపూడి నేర్పిస్తున్న అమెరికా తాతయ్యలు 'మంచి పాత జత దొరుకుతుందా' అని వెతుకుతుంటారు. అమ్మేవాళ్లకి విలువ తెలీదు, కొనేవాళ్లకి గుర్తుపట్టడం తెలీదు!

కంచా... ఇత్తడా?

కంచు అంటే రాగి, తగరం. తాళాలకీ గంటలకీ వాడే మేలురకం కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఇత్తడిలో తగరం బదులు జింకు కలుస్తుంది. తగరం రాగికంటే బాగా ఖరీదు, జింకు చవక. మోసానికి మూలం అక్కడే. చేత్తో తూచి 'బరువుగా ఉంది కాబట్టి కంచే' అనుకుంటే పొరపాటు. రెండిటి సాంద్రతలో పెద్ద తేడా లేదు. తోమితే రెండూ బంగారంలా మెరుస్తాయి. కాకపోతే ఇత్తడి పసుపు ముదురుగా కనిపిస్తుంది, కంచుది పాలిపోయిన రంగు. తీర్థాల దుకాణాల్లో తళతళలాడే జత చూసి మురిసిపోయే ముందు ఓసారి మోగించి చూడండి. ఇత్తడి టక్కున మోగి ఆగిపోతుంది. కంచు సాగుతుంది. కంచు మరీ ఎక్కువ మోగుతుందని వేమన ఎగతాళి చేశాడుగానీ, తాళాలు కొనేవాడికి కావాల్సింది ఆ మోతే కదా!

ఇనుముకి పూత పూసిన సరుకుని అయస్కాంతం పట్టిస్తుంది. అయితే ఇక్కడో తిరకాసు. నట్టువాంగం తాళాల్లో ఒకటి కంచుది, రెండోది ఉక్కుది ఉండటం ఆనవాయితీయే. అయస్కాంతం ఒకదానికే అంటుకుందని అలాంటి జతను 'కల్తీ' అని వదిలేసుకుంటే నష్టపోయేది మీరే.

పగులుంటే పైసా చెయ్యదు

కంచు వంగదు, పగులుతుంది. అదే దాని పెద్ద బలహీనత. తాడు పట్టుకుని ఒక్కో తాళాన్నీ విడిగా వేలాడదీయండి. అంచు మీద రెండోదాని అంచుతో సుతారంగా తట్టండి. నాదం శుభ్రంగా సాగితే సరే. మధ్యలో 'జిర్ర్' మన్నా, గొంతు పట్టేసినట్టు తెగిపోయినా ఎక్కడో వెంట్రుకంత పగులు ఉన్నట్టే. అంచు పొడవునా గోరు నడిపించండి. తాడు దూరే రంధ్రం చుట్టూ వెలుతుర్లో చూడండి, పగుళ్లు ఎక్కువగా మొదలయ్యేది ఈ రెండు చోట్లే. 'వెల్డింగు చేయిస్తే పోతుంది' అంటారు అమ్మేవాళ్లు. ఆకారం నిలుస్తుందేమోగానీ పాత నాదం రాదు.

ఇక రెండూ కలిపి మోగించాలి. స్వరాల్లో రవంత తేడా ఉంటే నాదం అలలు అలలుగా ఊగుతుంది, చెవికి అదో అందం. ఒకటి కీచుగా, ఇంకోటి మందంగా పలికితే మాత్రం ఎవరో రెండు జతల్లోంచి ఒక్కోటి తీసి కలిపారన్నమాట.

పాతదనానికి సాక్ష్యం రంగు కాదు, చిలుము అసలే కాదు. చిలుము ఎక్కించడం కష్టమైన పనేం కాదు. రంధ్రం చూడండి. ఏళ్ల తరబడి తాడు రాసుకున్నచోట అంచు నునుపుతేలి ఉంటుంది. వెనకవైపు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరుందేమో వెతకండి. తెలుగు అంకెల్లో సంవత్సరం కనిపిస్తే మీ అదృష్టం! అందుకే పాత తాళాన్ని మెషిన్‌మీద పాలిష్ పట్టించొద్దు. మెరుపు కోసం అక్షరాలూ, కాస్త లోహమూ అరగదీసుకున్నట్టవుతుంది. చింతపండు చాలు.

ధర మాటేమిటి? ఆ రోజు పాత కంచు కిలో ఎంతో కనుక్కోండి. అది అడుగు ధర. అంతే బరువున్న కొత్త జత ఎంత పడుతుందో కనుక్కోండి. సిద్ధాంతం వంతెన దాటితే ఇత్తడి పనికి పేరున్న అజ్జరం ఎంతో దూరం కాదు, శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికైతే భౌగోళిక గుర్తింపే ఉంది. మామూలు పాత జత ధర ఈ రెండిటి మధ్యలో తేలాలి. నాదం అద్భుతంగా ఉండి, జత కలిసి, పేరూ సంవత్సరమూ ఉంటే కొత్తదానికంటే ఎక్కువిచ్చినా తప్పులేదు. పగులుంటే మాత్రం కాటా ధరే. అమ్మేవాళ్ల సెంటిమెంటుకి లొంగొద్దు.

ఇటలీలోనూ ఇదే కథ

ఇటలీలో పిస్టోయా అనే చిన్న ఊరు ఉంది. చర్చి గంటలు, ఆర్గన్లు చేసిన ఊరది. అక్కడ సింబల్స్ పోతపోసే కుటుంబాలు 1931లో ఒక్కటై 'యూఫిప్' సంస్థ పెట్టుకున్నాయి. గిరగిరా తిరిగే అచ్చులో కరిగిన కంచు పోయడం వాళ్ల ప్రత్యేకత. అందుకే మధ్యలోని బొడిపె మిగతావాటికంటే దళసరిగా ఉంటుంది. విదేశాల నుంచి వచ్చినవాళ్లెవరైనా డ్రమ్స్ వాయించే మీ అబ్బాయికి 'పాత ఇటలీ సరుకు' అని చూపిస్తే చెయ్యాల్సిందీ ఇదే. అచ్చు ముద్రని వేలితో తడిమి చూడాలి, బొడిపె మందం చూడాలి, స్టాండు రాపిడికి రంధ్రం తాళంచెవి కన్నంలా సాగిందేమో గమనించాలి, అంచు మీద గోరు నడపాలి. పేరు ఎంత పెద్దదైనా పగిలితే అదీ తుక్కే.

ఇంకో రెండు జాగ్రత్తలు. తాళం మీద గుడి పేరో, భజన సమాజం పేరో ఉంటే ఎలా చేతులు మారిందో అడగండి. జవాబు నసిగితే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. అమెరికా తాతయ్యలు సూట్‌కేసులో సర్దే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

బేరం కుదిరిందా? రెండిటినీ ఒకే గుడ్డలో మూటగట్టి బండికి తగిలించొద్దు. విడివిడిగా మెత్తటి గుడ్డ చుట్టండి. ఇంటికి రాగానే పాత తాడు తీసేసి కొత్త నూలు తాడు వెయ్యండి. యాభై ఏళ్లు బతికిన తాళం తాడు తెగి గచ్చు మీద పడితే... ఆ ఒక్క దెబ్బ చాలు.