కలెక్టర్ ముందర ఒక చిన్న మాట

మన సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది కద బిడ్డా. అంతకుముందు మనది మెదక్ జిల్లా, కలెక్టరాఫీసు సంగారెడ్డిల ఉండె. ఇప్పుడు మన పాత బస్టాండు కాడ నిలబడి ఇంగ్లిషుల ‘ద కలెక్టర్’ అన్నవనుకో, అది సిద్దిపేట కలెక్టరే. అదే మాట సంగారెడ్డిల అంటే ఇంకొకరు. ‘ఎ కలెక్టర్’ అంటే మన రాష్ట్రంల ముప్పై మూడు జిల్లాలల్ల ఎవరైనా కావచ్చు. కొలువు మారలే. ముందటి చిన్న మాట మారింది, అంతే.

ఆ చిన్న మాట వినేటోని మనసులకు తొంగి చూస్తది. ‘నేను దేని సంగతి చెప్తున్ననో నీకు ఎరుకేనా?’ అని అడుగుతది. ఎరుకైతే ‘ద’, కాకుంటే ‘ఎ’. డెన్మార్క్ పండితుడు పాల్ క్రిస్టోఫర్‌సన్ 1939ల ‘ఎ’, ‘ద’ అనే ఈ ఆర్టికల్స్ మీదనే ఒక పుస్తకం రాసి, ఈ ఎరుకనే అసలు కీలకం అన్నడు. బడిల మాత్రం ‘మొదటిసారికి ఎ, రెండోసారికి ద’ అని చెప్పి ఊకుంటరు. అది సగం నిజమే.

మిగిలిన సగం లగ్గం కాడ దొరుకుతది. ‘నిన్న ఓ లగ్గానికి పోయిన. పెండ్లిపిల్ల మస్తు చదువుకున్నదట’ అంటవు. అంతకుముందు పెండ్లిపిల్ల ముచ్చటే ఎత్తలే. అయినా ‘ఏ పెండ్లిపిల్ల?’ అని ఎవడన్న అడుగుతడా? లగ్గం అన్నంక పిల్ల ఉండనే ఉంటది. అందుకే ఇంగ్లిషుల లగ్గానికి ‘ఎ వెడ్డింగ్’ అని, పిల్లకు మాత్రం మొదటిసారే ‘ద బ్రైడ్’ అని వస్తది. అక్కడ పలకరించిన సుట్టం ‘ఎ గెస్ట్’ అయితడు. సుట్టాలు ఒకరా ఇద్దరా, ఎవరని ఎరుకైతది!

తెలుగుల ఆర్టికల్స్ లేవు, మనకీ తెలివి ఏడికెళ్లి వస్తది అనకు. ‘చెట్టు మీద కాకి ఉన్నది’ అంటే ఏదో కాకి, ఇప్పుడే కండ్లవడ్డది. ‘కాకి చెట్టు మీద ఉన్నది’ అంటే మనం అనుకున్న కాకే. మాటల వరుస ఒక్కటి మార్చి ‘ఎ’, ‘ద’ల పని చేసినం. ‘పుస్తకం చదివిన’ అంటే ఏదో ఒకటి. ‘పుస్తకాన్ని చదివిన’ అంటే ఎక్కువగ మన మధ్య అనుకున్న ఆ పుస్తకమే. మనుషులకు ‘ని, ను’ ఎట్లయినా తగులుతది గని, ప్రాణం లేనివాటి కాడ ఇది మంచి ఉపాయం. ఆర్టికల్స్ లేకుండ బతుకుతున్నది మనమొక్కలమే కాదు. సంస్కృతానికి లేవు, లాటిన్‌కు లేవు, రష్యన్‌కూ లేవు. ‘వరల్డ్ అట్లాస్ ఆఫ్ లాంగ్వేజ్ స్ట్రక్చర్స్’ అనే భాషల పటంల 620 భాషలను చూస్తే, 198 భాషలకు ‘ద’ లాంటిదీ లేదు, ‘ఎ’ లాంటిదీ లేదు.

అసలు ఇంగ్లిషుకు సుత మొదట్ల ఇవి లేవు. వెయ్యేండ్ల కింద ‘ఆ’ అనే అర్థమున్న మాట అరిగి ‘ద’ అయింది. ‘ఒకటి’ అనే మాట అరిగి ‘యాన్’ అయింది. తర్వాత హల్లుల ముందర దాని నకారం రాలిపోయి ‘ఎ’ మిగిలింది. మన బడుల అచ్చు ముందర నకారం కలుపుతరని నేర్పుతరు, చరిత్ర చూస్తే లెక్క ఉల్టా. అరిగి అరిగి ఇప్పుడెంత వాడకమైందంటే, అమెరికాల 1961ల అచ్చయిన రాతల నుంచి పది లక్షల మాటలు పోగేసి లెక్కవెడితే ‘ద’ ఒక్కటే దగ్గర దగ్గర 7 శాతం తేలింది.

నకారం కావాల్నా వద్దా అన్నది చెవి చెప్పాలె, అక్షరం కాదు. ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ ఎస్సై’, కానీ ‘ఎ సీఐ’, ‘ఎ యూనివర్సిటీ’.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లిషుల ఊర్ల పేర్లకు ముందర ఏమీ పెట్టరు. నదులకు పెడతరు: ‘ద గోదావరి’, ‘ద మంజీరా’. ఇక్కడ తమాషా చూడు. గోదావరి నీళ్లు ఎత్తిపోసి 2020 ఏప్రిల్‌ల మన రంగనాయక సాగర్ జలాశయానికి తెచ్చిండ్రు. నదిల ఉన్నన్ని దినాలు ఆ నీళ్లకు ‘ద’ ఉండె, సాగర్‌లకు వచ్చినంక పోయింది! ‘రివర్’ అనే మాట లోపల దాగి ఉంటది కాబట్టి నదికి ‘ద’ నిలిచింది అంటరు. నాకైతే అది సగమే నచ్చుతది. అలవాటును తర్కంతోని కట్టెయ్యబోతే తర్కమే తెగుతది.

2023 అక్టోబర్ 3న మనకు సికింద్రాబాద్ రైలు మొదలైంది కద. ‘ఐ కేమ్ బై ట్రైన్’ అన్నప్పుడు ముందర ఏమీ రాదు. ఏ రైలని కాదు, ఎట్ల వచ్చినవన్నదే ముచ్చట. ‘ఆన్ ద ట్రైన్’ అంటే నువ్వెక్కిన ఆ బండే. బ్రిటిషోళ్ల ఇంగ్లిషుల ‘ఇన్ హాస్పిటల్’ అంటే రోగమొచ్చి పండుకున్నడు. ‘ఇన్ ద హాస్పిటల్’ అంటే చూడవోయినోడు సుత కావచ్చు. అమెరికోళ్లు రెండింటికీ ‘ద’ పెడతరు.

‘ద మోర్ ద మెరియర్’ అంటరు చూడు, దాంట్ల ‘ద’ మాత్రం వేరే. పాత ఇంగ్లిషుల మన తృతీయా విభక్తి లాంటి రూపం నుంచి వచ్చింది, ‘దానితోని’ అన్నట్టు. ఎంతమంది ఉంటే అంత సందడి అంటం కద, ఆ ‘ఎంత–అంత’ జంట పనే అది చేస్తది.