దూరపు బడికి తిరుగుమాట

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పం వెళ్లే దారికి ఇరువైపులా కొండపాదాలలో చిన్న చిన్న పల్లెలున్నవి. అటువంటి పల్లెలో అయిదు తరగతులకూ ఒక్క అయ్యవారే పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, తన పని ఎట్లా సాగుతున్నదో చెప్పే మనిషి ఆయనకు కనబడడు. ఎప్పుడో తనిఖీ అధికారి వస్తాడు, హాజరుపట్టీ తిరగవేస్తాడు, ఇంకా శ్రద్ధ వహించవలెనని రాసి వెళతాడు. దేని విషయంలో శ్రద్ధ? రాసినవారికైనా తెలుసునా అని సందేహం. 2020లో కరోనా వచ్చి ఇళ్లనుంచి పనిచేయవలసి వచ్చిన పట్టణోద్యోగులు ఈ ఒంటరితనాన్ని కొత్తగా కనుగొన్నారు గాని, పల్లె పంతులుకు ఇది పాత చుట్టమే.

ఈ కొరత తీర్చే ప్రయత్నమొకటి మదనపల్లెకు చేరువనున్న రిషివ్యాలీలో జరిగింది. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి సంకల్పంతో వెలసిన ఆ విద్యాసంస్థ, 1980ల దశకంలో చుట్టుపట్ల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు నెలకొల్పింది. పద్మనాభరావు, రమ దంపతులు ఆ పనికి సారథులు. పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి అట్టలమీద రాయించారు. అట్టలకు బొమ్మల గుర్తులు పెట్టారు. పిల్లవాడు నిచ్చెన పటం చూసుకొని తన అట్ట తానే తీసుకుంటాడు. ఎవడు ఏ మెట్టుపై ఆగాడో అయ్యవారికి పరీక్షల దాకా ఆగకుండానే తెలుస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఎవరి పల్లెలో వారు ఒంటరిగా ఉండే ఆ ఉపాధ్యాయులు అప్పుడప్పుడు ఒకచోట కూడేవారు. ఏ అట్ట దగ్గర పిల్లలు తడబడుతున్నారో చెప్పుకొనేవారు. అట్టల తయారీలో తామూ చేయివేసేవారు. తన మాటవల్ల అట్ట మారినదని ఎరిగిన ఉపాధ్యాయుడు మర్నాటినుంచి పిల్లలను మరింత నిశితంగా గమనిస్తాడు. మాట బుట్టదాఖలైనవాడు రెండవమారు నోరు విప్పడు. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు వచ్చి ఈ పద్ధతి చూచిపోయారు. తమ పిల్లలకు తగిన అట్టలను కన్నడంలో తామే కూర్చుని రాసుకున్నారు. అదే ‘నలి-కలి’.

1999లో ఆరంభమై కుప్పం దగ్గర నెలకొన్న అగస్త్య సంస్థ మరొక దారి తొక్కింది. విజ్ఞానశాస్త్ర ప్రయోగ సామగ్రిని బండిలో పెట్టి ప్రభుత్వ పాఠశాలలకు పంపింది. బండితో వెళ్లే బోధకుడూ కేంద్రానికి దూరంగా పనిచేసేవాడే. పిల్లల కన్నులు విప్పారినప్పుడు ఆయనకు అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది. కాని బండి సాయంకాలానికి వెళ్లిపోతుంది. మరునాడు పిల్లలు ఏమేమి అడిగారో వినేవాడు ఆ బడి అయ్యవారొక్కడే.