చెరువు పెద్దదే, తూము మాటేమిటి?

కిందటేడు మా హాస్టల్ గదిలో చిన్న పంచాయితీ జరిగింది. నేనూ, నా రూమ్మేటూ చెరొక పాత లాప్‌టాప్ కొన్నాం. రెండింట్లోనూ గ్రాఫిక్స్ కార్డు పేరు ఒకటే. వీడియో మెమరీ కూడా 2 జీబీయే. అయినా అతని దాంట్లో ఆట సాఫీగా సాగేది, నా దాంట్లో నత్తనడక. నాన్నగారు వడ్లమ్మి ఇచ్చిన డబ్బాయె, మనసు చివుక్కుమంది. తీరా విచారిస్తే, అతనిది జీడీడీఆర్5 మెమరీ, నాది డీడీఆర్3 అని తేలింది.

ఏమిటీ తేడా? చెరువు ఎంత పెద్దదైతేనేం, తూము సన్నదైతే మడి తడవదు. జీబీ అన్నది చెరువు కొలత. సెకనుకు ఎంత పారుతుందన్నది వేరే లెక్క. 1920×1080 తెరమీద సుమారు 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక్క బొమ్మకే 8.3 ఎంబీ కావాలి. అలాంటివి సెకనుకు 60 వేయాలి. పైగా ఆటలో ఒక్కో చుక్క కోసం మెమరీని పలుమార్లు తడుముకోవాలి. కనుక పారుదలే ముఖ్యం.

ఉదాహరణకు, 2016లో వచ్చిన జిఫోర్స్ 940ఎంఎక్స్ రెండు రకాల మెమరీతోనూ వచ్చింది. చిప్పుకీ మెమరీకీ మధ్య దారి 64 బిట్లు. డీడీఆర్3 ఒక్కో తీగమీద సెకనుకు 200 కోట్ల బిట్లు పంపిందనుకుందాం. దాన్ని 64తో గుణించి 8తో భాగిస్తే 16 జీబీ. జీడీడీఆర్5 అయితే 500 కోట్లు. అంటే 40 జీబీ!

మరి అందరూ జీడీడీఆర్5 ఎందుకు పెట్టలేదు? డీడీఆర్3 కంప్యూటర్ల మామూలు మెమరీ కోసం కుప్పలుగా తయారయ్యేది, చవక. వేగం పెరిగినకొద్దీ కరెంటూ, వేడీ పెరుగుతాయి. బోర్డు మీద తీగల అమరికా జాగ్రత్తగా చేయాలి. పల్చటి లాప్‌టాప్‌లో చిన్న ఫ్యానూ, బ్యాటరీయే కదా దిక్కు! కాలం కూడా ఒక కారణమే. జీటీఎక్స్ 1650 లాప్‌టాప్ చిప్పు 2019లో జీడీడీఆర్5తో మొదలై, తరువాత జీడీడీఆర్6తోనూ వచ్చింది. ఇంకో దారీ ఉంది: 2018లో వచ్చిన రేడియాన్ ప్రో వేగా 20లో హెచ్‌బీఎం2 పెట్టారు. అందులో తీగ వేగం తక్కువే, కానీ దారి 1024 బిట్లు. ఖరీదు మాత్రం ఎక్కువ.

మిత్రులారా, లాప్‌టాప్‌లో ఈ మెమరీని బోర్డుకే అతికిస్తారు. తరువాత మార్చుకుందామంటే కుదరదు. కొనేముందే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపి చూడండి. ఎన్ని జీబీ అని మాత్రమే కాక, ఏ రకం, ఎన్ని బిట్ల దారి అని కూడా అడగండి. నేను అడగలేదు. తప్పు కార్డుది కాదు, నాదే!