మీకు తెలుసా? గడప దగ్గర ఆగిపోయిన కాలు గుట్ట మెట్లు ఎక్కగలదు

పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన హాల్లోంచి వంటింట్లోకి వస్తూ గడప ముందు ఆగిపోతారు. మనసు పదమంటుంది, ఒళ్లు ముందుకు వాలుతుంది, పాదాలు మాత్రం నేలకి అంటించినట్టు కదలవు. ఇలా కాళ్లు బిగుసుకుపోయేవాళ్లలో చాలామంది మెట్ల ముందుకి వచ్చేసరికి ఒక్కో మెట్టూ చక్కగా ఎక్కేస్తారు. ఆలోచించకుండా అడుగు వేయించే ఏర్పాటు మెదడు లోతుల్లో ఉంటుంది. ఈ జబ్బు దెబ్బతీసేది దాన్నే. చదును నేల మీద నడకంతా దాని మీదే ఆధారపడుతుంది. మెట్టయితే కంటికి కనిపిస్తుంది కాబట్టి, పాదం ఎక్కడ పెట్టాలో కన్ను చెబితే మెదడు ఇంకో దారిలో ఆ పని చేయిస్తుంది. నేల మీద అడ్డగీతలు గీస్తే ఇలాంటివాళ్లు వాటిని దాటుకుంటూ నడవగలరని లండన్ న్యూరాలజిస్టు పర్డన్ మార్టిన్ 1967లోనే పుస్తకంలో రాశారు. నాలుగడుగులు వేయబోతే తూలి పడిపోయే ఒకాయన సైకిలెక్కితే మాత్రం హాయిగా తొక్కుకుంటూ వెళ్లిపోవడాన్ని నెదర్లాండ్స్ డాక్టర్లు వీడియో తీసి 2010లో వైద్య పత్రికలో ప్రచురించారు.

అందుకే ఇంట్లోవాళ్లు "నాన్నా, ఈ వయసులో కొండలెందుకు, కింద నుంచే దణ్ణం పెట్టుకో" అన్నప్పుడు నాకు మనసొప్పదు. పడిపోతారన్న వాళ్ల భయం నిజమే, కాదనను. కానీ కూర్చోబెడితే ఈ జబ్బు నెమ్మదించదు. నడక, వ్యాయామం మందులతో పాటే చికిత్సలో భాగమని న్యూరాలజిస్టులు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. అయితే మొదటిసారి ఫిజియోథెరపిస్టుకి నడక చూపించి, ఆయన సరేనన్నాకే కొండ సంగతి.

ఎక్కడానికి జగ్గయ్యపేట చుట్టుపక్కల మనకేం తక్కువ? కృష్ణ ఒడ్డున వేదాద్రి ఉంది, అక్కడ గుట్ట మీద జ్వాలా నరసింహస్వామి ఉన్నాడు. కాస్త దూరం వెళ్తే మంగళగిరి, కోటప్పకొండ. ఈ రెండింటికీ మెట్లూ ఉన్నాయి, బండి వెళ్లే రోడ్డూ ఉంది. ఎక్కేది మెట్ల మీద, దిగేది బండిలో పెట్టుకోవచ్చు. ఇది చిన్న వెసులుబాటు కాదు, ఎందుకో కింద చెబుతాను.

మొదటి ప్రయత్నానికి అంత దూరం కూడా వద్దనుకుంటే జగ్గయ్యపేటకి సొంత గుట్టే ఉంది, ధనబోడు. ఊరి పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టి దాన్ని జగ్గయ్యపేట చేశాడు. ఊరికి ఆ పేరు రాకముందు ఎన్నో వందల ఏళ్ల నాడే ఈ గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాల్లో అది వెలుగు చూసింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటి శాసనాలు ఇక్కడే దొరికాయి. ఏనుగు, గుర్రం, చక్రం, రాణి చుట్టూ ఉండగా చెయ్యి పైకెత్తి నిలబడ్డ చక్రవర్తి శిల్పం కూడా ఇక్కడిదే. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఇంత చరిత్ర ఉన్నచోట ఆగి ఆగి నడిచినా ఎవరికీ తొందర ఉండదు. ఈ జబ్బున్నవాళ్లకి కావలసిన నడక అదే.

అసలు కష్టం ఎక్కడంలో కాదు, దిగడంలో ఉందని తెలుసా? ఒళ్లు ముందుకి వంగి ఉండడం ఈ జబ్బు లక్షణం. దిగుడు దారిలో ఆ వంపుకి వాలు తోడవుతుంది. అడుగులు చిన్నవై, వేగం పెరిగి, ఆపుకుందామన్నా ఆగవు. రాళ్లు దొర్లే బాటలో అది ప్రమాదం. రెండు చేతులా కర్రలు పట్టుకుంటే ఒళ్లు నిటారుగా ఉంటుంది, కర్ర పడిన చోటికి పాదం వెళుతుంది. వెనక్కి తిరగాల్సి వస్తే ఉన్నచోటే గిర్రున తిరగకూడదు, నాలుగడుగులు వేసి చుట్టూ తిరగాలి. కాళ్లు బిగుసుకుపోయేది ఎక్కువగా ఆ మలుపులోనే. తోడు వెళ్లినవాళ్లు చెయ్యి పట్టి లాగకుండా పక్కన నిలబడి "ఒకటి, రెండు" అని లెక్కపెడితే చాలు. ఆ లయ చెవిన పడితే ఆగిన కాలు చాలాసార్లు లేస్తుంది. నడుస్తున్న మనిషిని మాత్రం కబుర్లలోకి దింపకండి. వాళ్లకి మాట, నడక ఒకేసారి సాగడం కష్టం. కబుర్లు కూర్చున్నాక చెప్పుకోవచ్చు.

 

కొండకి టైము నిర్ణయించేది సూర్యుడి కంటే ముందు మాత్ర. ఈ జబ్బుకి ఇచ్చే లెవోడోపా మాత్ర వేసుకున్నాక కాసేపటికి ఒళ్లు తేలికవుతుంది, కొన్ని గంటలకి ఆ బలం దిగిపోతుంది. ఎక్కడం, దిగడం రెండూ ఆ మధ్యలోనే అయిపోవాలి. తర్వాతి మాత్ర, నీళ్లు సంచిలో కాదు, జేబులో ఉండాలి. ఇంకో సంగతి, పెసరట్టు తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే కొందరిలో అది సరిగా పనిచేయదు. పప్పులోని ప్రోటీన్, ఈ మందు పేగు దగ్గరా మెదడు దగ్గరా ఒకే ద్వారంలోంచి వెళ్లాలి, రెండూ పోటీ పడతాయి. తిండికి ఎంత ముందు వేసుకోవాలో డాక్టర్ని అడిగి పెట్టుకోండి. పైకి చేరి కూర్చున్నాక గబుక్కున లేవకూడదు, లేచేటప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. మన ఎండాకాలంలో ఈ గుట్టల జోలికే వద్దు. చలికాలం పొద్దున్నే మేలు.

చివరగా, చేల గట్ల మీద పాకే దూలగొండి, అదే కాయ తగిలితే ఒళ్లంతా దురద పెట్టే తీగ, దాని గింజల్లో ఉన్నది ఈ లెవోడోపాయే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గింజల్లోంచి దాన్ని వేరుచేశారు. వియన్నా డాక్టర్లు పార్కిన్సన్స్ రోగులకి లెవోడోపా ఇచ్చి చూసింది 1961లో. అలాగని గింజలు నూరి తాగొద్దు. ఒక్కో గింజలో మందు ఒక్కోలా ఉంటుంది, వేసుకుంటున్న మాత్రతో కలిస్తే మోతాదు ఎక్కువైపోతుంది.