నాలుగో ప్రెస్సు

సావనీరు అచ్చు వారం ఆలస్యమైతే ప్రెస్సువాడి మీద విసుక్కుంటాం. ఒక అచ్చుయంత్రాన్ని కాపాడుకోబోయి ప్రాణాలే పోగొట్టుకున్న ఎడిటరు ఒకడున్నాడు. పేరు ఎలైజా లవ్‌జాయ్.

1802లో, నేటి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. 1826లో వాటర్‌విల్ కాలేజీలో క్లాసు ఫస్టుగా పట్టా పుచ్చుకుని, మిస్సిసిపీ ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్ చేరాడు. కొన్నాళ్ళు బడి నడిపాడు; తర్వాత మతబోధకుడై 1833లో 'అబ్జర్వర్' అనే వారపత్రిక పెట్టాడు. మిస్సోరీలో బానిసత్వం చట్టసమ్మతం. అయినా మొదట్లో లవ్‌జాయ్ అతివాదేం కాదు. బానిసలను క్రమంగా విడుదల చేస్తే చాలుననేవాడు. కాథలిక్కుల మీద మాత్రం తెగ విరుచుకుపడేవాడు. ఆ రాతలు ఇవాళ మనకు రుచించవు.

అతన్ని మార్చింది 1836 ఏప్రిల్. ఫ్రాన్సిస్ మెకింటోష్ అనే నల్లవాడు, బానిస కాదు, పడవల్లో పనిచేసేవాడు, పోలీసు అధికారిని పొడిచి చంపాడని జైల్లో ఉంటే, జనం బయటికి లాగి చెట్టుకు కట్టి సజీవంగా తగలబెట్టారు. మరి న్యాయం? వేలమంది కలిసి చేసిన పని చట్టానికి అందదని జడ్జిగారే జ్యూరీకి చెప్పారు! లవ్‌జాయ్ ఈ తీర్మానాన్ని పత్రికలో ఉతికేశాడు. మూక వచ్చి ఆఫీసు ధ్వంసం చేసింది.

నది దాటితే ఇల్లినాయి రాష్ట్రం, అక్కడ బానిసత్వం లేదు కదా అని ఆల్టన్‌కు మకాం మార్చాడు. ప్రెస్సు దిగింది ఆదివారం. ఆదివారం పనిచేయకూడదన్న నియమంకొద్దీ ఒడ్డునే ఉంచాడు. తెల్లారేసరికి అది నీళ్ళలో ఉంది. రెండోదాన్ని 1837 ఆగస్టులో, మూడోదాన్ని సెప్టెంబరులో నాశనం చేశారు. ఊరు విడిచి పొమ్మని పెద్దమనుషులు సలహా ఇచ్చారు. వెళ్ళనన్నాడు. అప్పటికి తగువు బానిసత్వం గురించి మాత్రమే కాదు, నచ్చని మాట అచ్చువేసే హక్కు గురించి కూడా.

నాలుగో ప్రెస్సు 1837 నవంబరు 7న వచ్చింది. నది ఒడ్డునున్న రాతి గిడ్డంగిలో దాచి, ఇరవైమంది దాకా మిత్రులు తుపాకులతో కాపలా కాశారు. ఆ రాత్రి మూక వచ్చిపడింది. కాల్పుల్లో వాళ్ళలో ఒకడు పోయాడు. నిచ్చెన వేసి కప్పుకు నిప్పంటించబోతుంటే లవ్‌జాయ్ బయటికొచ్చాడు. అయిదు తూటాలు తగిలాయి. ఇంకో రెండు రోజులు బతికుంటే ముప్పయ్యయిదేళ్ళు నిండేవి, పుట్టినరోజునాడే పాతిపెట్టారు. ప్రెస్సును ముక్కలు చేసి నదిలో విసిరారు.

మరుసటి జనవరిలో కేసు నడిచింది. చిత్రమేమంటే కాపాడినవాళ్ళ మీద, దాడిచేసినవాళ్ళ మీద కూడా! ఎవరికీ శిక్ష పడలేదు. అదే నెలలో ఇల్లినాయిలోనే లింకన్ అనే యువ వకీలు, సంపాదకుల్ని కాల్చి ప్రెస్సుల్ని నదుల్లో పడేసే మూకల గురించి ఒక సభలో ప్రసంగించాడు. లవ్‌జాయ్ పేరు మాత్రం ఎత్తలేదు. తమ్ముడు ఓవెన్ తర్వాత కాంగ్రెసు సభ్యుడై, ఆ లింకన్‌కే అండగా నిలిచాడు.

వాటర్‌విల్ కాలేజీ ఇప్పుడు కోల్బీ కాలేజీ. 1952లో పాత్రికేయులకు లవ్‌జాయ్ పేర పురస్కారం మొదలుపెట్టింది. ఆల్టన్ దగ్గర నది మాత్రం 1915లోనే ప్రెస్సు చట్రం ముక్కొకటి తిరిగిచ్చింది.