బక్కెట్ల మోత మధ్య గెలిచిన కిరీటం

మీ ఇంట్లో పాత ఇనప బక్కెట్టు ఏదైనా ఉందా? అడుగు చిల్లు పడితే అందులో మట్టి పోసి కరివేపాకు మొక్కో, మరువమో వేసుకుంటాం. లేకపోతే బొగ్గులు పోసుకుంటాం. అంతకుమించి దానికి ఇంకో ఉపయోగం ఉంటుందని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. కానీ అమెరికాలో ఒకప్పుడు ఒక చిన్న ఆడపిల్లల కాలేజీ ఉండేది. 1970ల మొదట్లో ఆ కాలేజీ పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే చూడ్డానికొచ్చినవాళ్ళు ఇనప బక్కెట్లు ఒళ్ళో పెట్టుకుని, కర్రపుల్లలతో డప్పుల్లా వాయించేసేవారు. వాయించేది ఎవరనుకున్నారు? తలమీద ముసుగు, మెళ్ళో శిలువ వేసుకున్న కన్యస్త్రీలు! వాళ్ళ పక్కనే ఆటగత్తెల అమ్మలూ, నాన్నలూ. ఒక అమ్మాయి తండ్రికి ఇనప సామాన్ల కొట్టుంది. ఆయన పుణ్యమే ఆ బక్కెట్లన్నీ.

నవ్వొస్తోంది కదూ! కానీ ఆ బక్కెట్ల వెనక ఉన్న కథ వింటే నవ్వు కాస్త తగ్గి, ఇంకేదో మొదలవుతుంది. నాకలాగే అయింది మరి.

ఆ కాలేజీ పేరు ఇమ్మాక్యులాటా. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియాకి ఇరవై మైళ్ళ దూరంలో ఉంది. క్యాథలిక్ సిస్టర్లు నడిపే కాలేజీ. అక్కడ చేరిన పిల్లల్లో చాలామంది సామాన్య కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళే.

రెండు నిప్పులు

1967లో ఆ కాలేజీ ఆటల భవనం కాలిపోయింది. ఆడుకోవడానికి చోటే లేకుండా పోయింది. ఇక చేసేదేముంది? పక్కనే ఉన్న సిస్టర్ల మఠం కింద, నేలమాళిగలో బంతి పట్టుకుని సాధన చేసేవారు. సొంత కోర్టు లేదు గనక పోటీలకు ఎప్పుడూ ఎదుటివాళ్ళ ఊరికే వెళ్ళాలి. ఆ మాటకొస్తే మా కాలేజీలో కోర్టు ఉండేది. కానీ వేసవి వచ్చిందంటే హాస్టల్ వంటమనిషి దానిమీద వడియాలు ఎండబెట్టేది. ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు, ఆడేవాళ్ళెవరు గనక!

1970లో ఈ జట్టుకి కొత్త కోచ్ వచ్చింది. పేరు కేథీ రష్. అప్పటికి ఆవిడకి ఇరవైమూడేళ్ళు. జీతం 450 డాలర్లు. నెలకి కాదు, ఏడాది మొత్తానికి! అప్పటి లెక్కలో మన డబ్బు మూడువేల నాలుగొందలు కూడా పూర్తిగా రాదు. ఆవిడ భర్త ఎడ్ రష్ మగవాళ్ళ వృత్తి బాస్కెట్‌బాల్ పోటీల్లో రిఫరీ. అంటే ఆ ఇంట్లో భోజనాల దగ్గర కూడా బంతి గొడవే అయ్యుంటుంది. ఆడపిల్లలకి అంతదాకా ఎవరూ నేర్పని ఎత్తులూ, పైఎత్తులూ కేథీ వాళ్ళకి నేర్పింది. ఎదుటివాళ్ళ చేతిలో బంతి ఉన్నప్పుడు వెనక్కి వచ్చి నిలబడకుండా, మీదికెళ్ళి ఊపిరాడనివ్వకుండా చుట్టుముట్టడం అందులో ఒకటి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో నిప్పు. ఈసారి కాలింది థెరిసా షాంక్ వాళ్ళ ఇల్లు. థెరిసా హైస్కూల్లోనే పేరు మోసిన ఆటగత్తె. దాదాపు ఆరడుగుల పిల్ల. (మన దగ్గరైతే "ఇంత పొడుగు పిల్లకి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చేదే తల్లీ!" అని పెద్దవాళ్ళు తలపట్టుకునేవారు.) ఆ అమ్మాయి నిజానికి వేరే రాష్ట్రంలోని కాలేజీకి వెళ్ళాల్సింది. ఇల్లు కాలి, ఉన్నదంతా బూడిదైపోయాక అమ్మానాన్నల్ని ఆ స్థితిలో వదిలి దూరం వెళ్ళడానికి మనసొప్పలేదు. ఇంటి దగ్గర ఉండి వెళ్ళి రాగల కాలేజీ చూసుకుంది. అదే ఇమ్మాక్యులాటా.

ఇంటికోసం ఆగిపోయిన ఆడపిల్లలు మనకి కొత్త కాదు. మీలోనూ ఉండే ఉంటారు. చదువు మధ్యలో మానేసినవాళ్ళు, వచ్చిన ఉద్యోగం వద్దనుకున్నవాళ్ళు. చాలామంది విషయంలో కథ అక్కడితో సరి. థెరిసా విషయంలో మాత్రం అక్కడే మొదలైంది.

ఆడవాళ్ళకో ఆట, మగవాళ్ళకో ఆట

సీజను సంగతి చెప్పేముందు ఓ చిన్న విషయం చెప్పాలి. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891లో. మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ స్మిత్ కాలేజీలో ఆడపిల్లల చేత ఆడించింది. మంచి పనే. కానీ సుకుమారమైన పిల్లలు అలిసిపోతారని కోర్టుని మూడు గళ్ళుగా చేసి, ఎవరి గడిలో వాళ్ళే ఉండాలంది. బంతి లాక్కోకూడదు, మూడు సెకన్లకి మించి పట్టుకోకూడదు, మూడుసార్లకి మించి నేలకి కొట్టకూడదు. తొక్కుడుబిళ్ళలా ఉంది కదూ!

ఆ గళ్ళు ఓ పట్టాన పోలేదు. దశాబ్దాల తరబడి జట్టుకి ఆరుగురు ఆడేవారు. చివర్లో కూడా ఆ ఆరుగురిలో ఇద్దరికి మాత్రమే కోర్టంతా తిరిగే స్వేచ్ఛ. నీళ్ళబిందెలు మోసేటప్పుడు, పొలంలో నాట్లేసేటప్పుడు ఆడవాళ్ళు అలిసిపోతారని ఎవరికీ గుర్తు రాదు గానీ, ఆటల దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఎక్కడలేని జాలీ పుట్టుకొస్తుంది! మొత్తానికి 1971లో నియమం మారింది. మగవాళ్ళలాగే జట్టుకి ఐదుగురు, కోర్టంతా పరుగు. అదే ఏడాది ఆడపిల్లల కాలేజీ ఆటల కోసం ఏ.ఐ.ఏ.డబ్ల్యు. అనే సంఘం పని మొదలుపెట్టింది. 1972 మార్చిలో మొదటిసారి తన జాతీయ పోటీలు పెడతానంది.

మన ఇమ్మాక్యులాటా పిల్లల సీజను ఆ ఏడాదిదే.

ముప్ఫై రెండు పాయింట్ల దెబ్బ

వాళ్ళ వేషం చూస్తే జాలేస్తుంది. ఉన్ని బట్టతో కుట్టిన నీలం గౌను, దానికి పెట్టె కుచ్చిళ్ళు, లోపల బ్లౌజు, కింద బ్లూమర్లు. ఉన్ని బట్ట ఉతకడం, ఆరబెట్టడం ఎంత పనో మీకు నేను చెప్పక్కర్లేదు. చెమట పట్టే ఆటకి ఉన్ని గౌను! ఆటకి ముందు అందరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేసేవారు. తర్వాత ఆ కుచ్చిళ్ళు ఎగరేసుకుంటూ కోర్టులో పడి ఎదుటివాళ్ళని చిత్తు చేసేవారు.

అందరిలోకీ ఎక్కువగా బాస్కెట్లు వేసేది థెరిసానే. మధ్యలో బుట్ట దగ్గర నిలబడి, అందిన బంతిని అందినట్టు లోపలికి వేసేది. గురి తప్పి బోర్డుకి తగిలిన బంతి కూడా ఆ అమ్మాయి చేతుల్లోకే వచ్చేది. ఇప్పట్లా దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లనే పద్ధతి అప్పుడు లేదు. ఒక్కో బాస్కెట్‌కి రెండు, ఫౌల్ తర్వాత వేసే దానికి ఒకటి, అంతే. అయినా కాలేజీ చదువు పూర్తయ్యేలోపు థెరిసా వెయ్యి పాయింట్లు దాటేసింది.

ఆ సీజన్లో వరసగా గెలుస్తూనే వచ్చారు. తీరా ప్రాంతీయ ఫైనల్లో వెస్ట్ చెస్టర్ స్టేట్ కాలేజీతో తలపడాల్సి వచ్చింది. వెస్ట్ చెస్టర్ అంటే ఎక్కడో కాదు, పక్క ఊరే. కేథీ రష్ తను చదువుకున్నది కూడా అక్కడే! పెద్ద కాలేజీ. దేశంలో ఆడపిల్లల కాలేజీ జట్లకి మొట్టమొదటి జాతీయ పోటీ 1969లో పెట్టించింది వాళ్ళ కోచ్ కరోల్ ఎక్‌మన్. గెలిచిందీ వాళ్ళే.

ఏమైందంటారా? 70-38. ముప్ఫై రెండు పాయింట్ల తేడాతో ఇమ్మాక్యులాటా ఓడిపోయింది. కిందా మీదా పడి ఓడడం వేరు, ఇలా ఓడడం వేరు. ఆ సీజను మొత్తానికి వాళ్ళ ఓటమి అదొక్కటే.

అయితే ప్రాంతంలో రెండోస్థానం వచ్చింది గనక జాతీయ పోటీలకు పిలుపొచ్చింది. పోటీలు ఇలినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊళ్ళో. (నిజంగానే ఊరి పేరు నార్మల్! ఒకప్పుడు టీచర్ ట్రైనింగ్ కాలేజీలని నార్మల్ స్కూళ్ళనేవారు. అక్కడ అలాంటిది ఉండేదని ఊరికి ఆ పేరొచ్చింది.) పిలుపైతే వచ్చింది. వెళ్ళడానికి డబ్బేదీ?

టూత్‌బ్రష్షులమ్మా, టూత్‌బ్రష్షులు!

కాలేజీ దగ్గర అంత సొమ్ము లేదు. మరి ఏం చేశారు? పిల్లలు ఇంటింటికీ తిరిగి టూత్‌బ్రష్షులు అమ్మారు. దేశంలో మేటి జట్టు ఎవరో తేల్చే పోటీకి వెళ్ళాల్సిన ఆటగత్తెలు గుమ్మం ముందు నిలబడి, "బ్రష్షు కావాలాండీ?" అని అడుగుతున్న దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. మనం మన పిల్లల స్కూలువాళ్ళు ఇచ్చిన విరాళాల కార్డు పట్టుకుని పక్కింటికి వెళ్ళడానికే మొహమాటపడతాం!

అలా చేర్చిన డబ్బు కూడా అందరికీ చాలలేదు. చివరికి ఎనిమిదిమంది ఆటగత్తెలే బయల్దేరారు. మిగిలినవాళ్ళు ఆగిపోయారు. ఆ ఎవరు వెళ్ళాలి, ఎవరు ఆగాలి అన్న లెక్క తేల్చిన పూట ఎలా గడిచి ఉంటుందో! గెలిచిన కథల్లో ఆగిపోయినవాళ్ళ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. వెళ్ళిన ఎనిమిదిమందీ అయినా దర్జాగా వెళ్ళారా అంటే, అదీ లేదు. విమానంలో సీట్లు మిగిలితేనే ఎక్కనిచ్చే చవక టిక్కెట్ల మీద వెళ్ళారు. మన రైలు వెయిటింగ్ లిస్టు లాంటిదన్నమాట.

పదహారు జట్లు వచ్చాయి. ఎవరి సత్తా ఎంతో ముందే అంచనా కట్టి వరస ఇస్తారు కదా, ఇమ్మాక్యులాటాకి ఇచ్చింది పదిహేనో స్థానం.

మొదటి ఆటలో సౌత్ డకోటా స్టేట్ మీద 60-47. ఇది కాస్త తేలిగ్గానే గడిచింది. రెండో ఆట ఇండియానా స్టేట్‌తో. 49-47... ఒక్క బాస్కెట్ తేడా! మూడోది అంతకు ముందు ఏడాది జాతీయ విజేతలైన మిసిసిపీ మహిళా కాలేజీతో. 46-43. నాలుగురోజుల్లో నాలుగు ఆటలు, పట్టుమని పదిమంది కూడా లేని జట్టు, అందులోనూ భారమంతా ఒక్క పిల్ల భుజాల మీద.

ఫైనల్ 1972 మార్చి 19, ఆదివారం. ఎదురుగా ఎవరు? మళ్ళీ వెస్ట్ చెస్టర్! పక్క ఊరివాళ్ళతో ఆడటానికి ఏడొందల మైళ్ళు వెళ్ళాలా అని మీకు అనిపించొచ్చు. ఆ పిల్లలకీ అనిపించే ఉంటుంది. కొద్ది రోజుల కిందటే ముప్ఫై రెండు పాయింట్లతో మట్టి కరిపించినవాళ్ళు. పందెం కాయమంటే ఎవరైనా అటే కాస్తారు.

52-48. గెలిచింది ఇమ్మాక్యులాటా.

ఇంటి దగ్గర ఏం జరిగిందో చెప్పొద్దూ! ఫిలడెల్ఫియా విమానాశ్రయంలో దిగేసరికి కాలేజీ పిల్లలూ, సిస్టర్లూ గుంపుగా వచ్చి ఎదురుచూస్తున్నారు. కాలేజీ పక్కనే వయసు మళ్ళిన సిస్టర్లు ఉండే ఆశ్రమం ఉంది. మంచం దిగలేనివాళ్ళు కూడా చేతిలో జపమాల పట్టుకుని, రేడియోలో ఆటలు వినడం ఆ తరువాత వాళ్ళకి అలవాటైపోయింది.

ఆ తరవాత

థెరిసా ఉన్నంతకాలం కిరీటం వాళ్ళదే. మరుసటి సీజన్లో ఇరవై ఆటలాడి ఇరవైయ్యీ గెలిచారు. 1974లోనూ వాళ్ళే. 1975 జనవరిలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంతో వాళ్ళాడిన ఆట దేశమంతా టీవీలో వచ్చింది. ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్‌కి అది మొదటిసారి. ఫిబ్రవరిలో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో క్వీన్స్ కాలేజీతో ఆడితే చూడ్డానికి దాదాపు పన్నెండువేలమంది వచ్చారు.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. ఇమ్మాక్యులాటా మొదటిసారి గెలిచిన మూడు నెలలకి, 1972 జూన్ 23న, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదని దాని సారాంశం. ఆటలకీ వర్తించింది. ఇంకేముంది, పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల జట్లు పెట్టి, స్కాలర్‌షిప్పులిచ్చి మరీ మంచి ఆటగత్తెల్ని పిలవడం మొదలుపెట్టాయి. టూత్‌బ్రష్షులమ్ముకునే కాలేజీ వాళ్ళతో ఎక్కడ పోటీ పడుతుంది? 1975, 76 ఫైనల్స్ రెండింటిలోనూ మిసిసిపీకి చెందిన డెల్టా స్టేట్ చేతిలో ఓడిపోయింది. 1977లో కేథీ రష్ కోచ్ పని మానేసింది. ఏడు సీజన్లలో 149 గెలుపులు, 15 ఓటములు ఆవిడ లెక్క. లక్షలమంది ఆడపిల్లలకి దారి తెరిచిన చట్టమే ఈ చిన్న కాలేజీని పక్కకి నెట్టేసింది. మంచి జరిగిందనాలో, అన్యాయం జరిగిందనాలో నాకైతే తేలలేదు. మీరేమంటారు?

థెరిసా పెళ్ళి చేసుకుని థెరిసా గ్రెంజ్ అయింది. (పొడుగు పిల్లలకీ పెళ్ళిళ్ళవుతాయి సుమా!) కోచ్‌గా రట్గర్స్ జట్టుకి 1982లో జాతీయ టైటిల్ తెచ్చింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన అమెరికా మహిళల జట్టుకీ ఆవిడే కోచ్. బాస్కెట్‌బాల్ ప్రముఖుల పేర్లు చేర్చే నేస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2008లో కేథీ రష్‌కి, 2014లో ఆ జట్టు మొత్తానికి, 2022లో థెరిసాకి చోటు దక్కింది.

వాళ్ళ మీద ఒక సినిమా కూడా తీశారు. 'ది మైటీ మ్యాక్స్' అని, 2011లో విడుదలైంది. అందులో చర్చి దృశ్యం వచ్చినప్పుడు కాస్త జాగ్రత్తగా చూడండి. బెంచీల మీద సిస్టర్ల వేషంలో కూర్చున్నవాళ్ళలో కొందరు అసలు జట్టులో ఆడిన అమ్మాయిలే. ఉన్ని గౌన్లు వేసుకుని పరిగెత్తిన ఆ పిల్లలు దశాబ్దాల తర్వాత, ఒకప్పుడు తమకోసం బక్కెట్లు వాయించినవాళ్ళ ముసుగులు తలకి చుట్టుకుని, బుద్ధిగా చేతులు జోడించి కూర్చున్నారు.