ఈల ఆమె చేతికొస్తే..!

గేమ్స్‌ పీరియడ్‌ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మెడలో ఈల వేసుకుని నిలబడ్డ డ్రిల్లు సారు. ఆ సారు స్థానంలో ఓ మేడమ్‌ను ఊహించుకోమంటే మనసు క్షణంపాటు తటపటాయిస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో ఎంతోమంది ఆడపిల్లల ఆట తొమ్మిదో తరగతితోనే ఆగిపోవడానికి ఆ తటపటాయింపు కూడా ఓ కారణమే!

మదనపల్లె అంటే టమోటా మార్కెట్‌. పుంగనూరు అంటే పొట్టి ఆవులు. కుప్పం అంటే మూడు రాష్ట్రాల కూడలి. మూడు ఊళ్లకూ ఎవరి ప్రత్యేకత వాళ్లదే. కానీ ఆడపిల్లల ఆటల విషయానికొస్తే మాత్రం మూడింటిదీ ఒకటే కథ. ఆరు, ఏడు తరగతుల్లో ఖోఖో, కబడ్డీ, పరుగు పందెం... దేనికైనా ఆడపిల్లలు పోటీపడి మరీ పేర్లిస్తారు. పదో తరగతికొచ్చేసరికి ఆ జాబితా సగానికి సగం చిక్కిపోతుంది. చదువు ఒత్తిడి ఒక కారణం. పెద్దమనిషి కావడం ఇంకో కారణం. వీటన్నిటి వెనకా మరో కారణం ఉంది. అదే... తోడు.

ఎవురు తోడు పోతారు?

మండల స్థాయి కబడ్డీలో ఓ అమ్మాయి గెలిచిందనుకోండి. తర్వాతది జిల్లా స్థాయి. ఏ చిత్తూరుకో, తిరుపతికో వెళ్లాలి. రెండు రాత్రులు అక్కడే ఉండాలి. అమ్మ అడిగే మొదటి ప్రశ్న 'పోటీ ఎట్లుంటాది?' అని కాదు, 'తోడు ఎవురు పోతారు?' అని. సారు ఒక్కరే వెళ్తున్నారంటే, సారు ఎంత మంచివారైనా సరే... 'ఆడబిడ్డను అంత దూరం ఎట్లా పంపేది? వద్దులే మ్మే' అన్న మాట వినబడుతుంది. ఆ ఒక్క మాటతో ఏడాది సాధన వృథా. 'నేను తీసుకెళ్తానమ్మా, నా పక్కనే పడుకుంటుంది' అని చెప్పే మేడమ్‌ ఉంటే ఆ గడప దాటడం చాలా తేలిక.

ఇది పల్లెటూరి చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. 2022 జూన్‌లో విదేశంలో శిక్షణకు వెళ్లిన ఓ సైక్లింగ్‌ క్రీడాకారిణి తన కోచ్‌ మీద ఫిర్యాదు చేసింది. ఆ తర్వాతే భారత క్రీడా ప్రాధికార సంస్థ (శాయ్‌) మహిళా క్రీడాకారులున్న ఏ బృందం వెంటైనా మహిళా కోచ్‌ తప్పనిసరిగా ఉండాలని ఆదేశించింది. కుప్పంలో ఓ అమ్మకు ఎప్పుడో తెలిసిన సంగతిని దేశం నియమంగా రాసుకోవడానికి అంతకాలం పట్టింది. మరి నియమమైతే వచ్చింది. అంతమంది మహిళా కోచ్‌లు ఎక్కడున్నారు?

చెప్పుకోలేనివి చెప్పుకోవడానికి...

తోడు ఒక్కటే కాదు. నెలసరి రోజుల్లో కడుపునొప్పితో పరుగెత్తలేకపోతున్నానని సారుకు ఏ అమ్మాయి చెబుతుంది? జ్వరమనో, తలనొప్పనో చెప్పి ఓ మూల కూర్చుంటుంది. నాలుగుసార్లు అలా కూర్చుంటే 'బద్ధకం' అన్న పేరొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండో రౌండుకే ఆయాసపడే అమ్మాయికి కావాల్సింది తిట్లు కాదు, రక్తపరీక్ష. ఆ తేడా పట్టుకునే కన్ను అనుభవం నుంచి వస్తుంది. చున్నీ వదిలేసి ట్రాక్‌ ప్యాంటు వేసుకోవడానికి సిగ్గుపడే పిల్లకు, ట్రాక్‌ ప్యాంటు వేసుకుని ఎదురుగా నిలబడ్డ మేడమ్‌ను మించిన పాఠం ఉంటుందా?

అలాగని మగ కోచ్‌లను తక్కువ చేయాల్సిన పని లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరికి ఓనమాలు దిద్దించింది నీలంశెట్టి అప్పన్నే. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు క్రికెట్‌ ప్రపంచకప్‌ గెలిచినప్పుడు కెప్టెన్‌ హర్మన్‌ప్రీత్‌ కోచ్‌ అమోల్‌ మజుందార్‌ కాళ్లకు నమస్కరించిన దృశ్యాన్ని అందరూ చూశారు. గురువు ఆడా మగా అన్నది కాదు ప్రశ్న. ఆడపిల్లలు ఇంతమంది ఆడుతుంటే, ఆడించే ఆడవాళ్లు అంత కొద్దిమందే ఎందుకున్నారన్నదే ప్రశ్న.

నూటికి పదమూడు!

ఈ కొరత మదనపల్లెకో, మన రాష్ట్రానికో పరిమితం కాదు. 2016 రియో ఒలింపిక్స్‌కు వచ్చిన కోచ్‌లలో మహిళలు 11 శాతం. టోక్యోలో అది 13 శాతం. 2024 పారిస్‌ క్రీడల్లో మగవారికీ ఆడవారికీ సమానంగా చోటిచ్చారు. కానీ అది ఆడేవాళ్ల సంగతి. ఆడించేవాళ్ల విషయంలో సమానత్వం ఇంకా ఆమడ దూరంలోనే ఉంది.

అమెరికా అనుభవం మరీ విచిత్రం. విద్యాసంస్థల్లో ఆడపిల్లలకు సమాన అవకాశాలివ్వాలంటూ అక్కడ 1972లో ఓ చట్టం తెచ్చారు. ఆడే అమ్మాయిల సంఖ్య అమాంతం పెరిగింది. చట్టానికి ముందు కాలేజీ మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళా కోచ్‌లే ఉండేవారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ వాటా సగం కన్నా కిందికి పడిపోయింది. కారణం? ఆటకు డబ్బొచ్చింది, ఉద్యోగానికి విలువొచ్చింది. విలువొచ్చిన కుర్చీ కోసం మగవాళ్లు వరస కట్టారు. అమ్మాయిల ఆట పెరిగితే చాలు, మహిళా కోచ్‌లు వాళ్లంతట వాళ్లే పుట్టుకొస్తారనుకోవడం పొరపాటన్నమాట.

ఇంట గెలవని గురువు

కబడ్డీ మన మట్టి ఆట. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ ప్రవేశపెట్టింది 2010లో. అప్పుడూ, 2014లోనూ స్వర్ణం మనదే. 2018లో జకార్తాలో ఫైనల్‌... ఇరాన్‌ 27, భారత్‌ 24! దేశమంతా నిర్ఘాంతపోయింది. ఇంతకీ ఆ ఇరాన్‌ అమ్మాయిలకు పట్లు నేర్పిన కోచ్‌ ఎవరో తెలుసా? మన మహారాష్ట్రలోని నాసిక్‌కు చెందిన శైలజా జైన్‌. పరాయి దేశం, తెలియని భాష, అలవాటు లేని తిండి. అన్నీ తట్టుకుని ఓ జట్టును తయారుచేశారామె. మన గడ్డ మీద ఎదిగిన గురువును మరో దేశం గుర్తించి పిలిచింది. ఫలితం మనకు ఓటమి రూపంలో తెలిసొచ్చింది.

అవకాశమిస్తే ఇక్కడా ఫలితాలకు కొదవలేదు. ఆర్చరీ కోచ్‌ పూర్ణిమా మహతో 2013లో ద్రోణాచార్య అందుకున్నారు. 2021లో బాక్సింగ్‌లో సంధ్యా గురుంగ్‌, హాకీలో ప్రీతమ్‌ సివాచ్‌ అదే పురస్కారం పొందారు. పారిస్‌లో కంచు పతకం గెలిచిన షూటర్‌ స్వప్నిల్‌ కుశాలే వెనక ఉన్నది దీపాలీ దేశ్‌పాండే. అన్నట్టు, స్వప్నిల్‌ అబ్బాయే! 'ఆడకోచ్‌ మగపిల్లలకు ఏం నేర్పుతుంది?' అనేవాళ్లకు ఇదో జవాబు. క్రికెట్‌ కోచ్‌ సునీతా శర్మ మరో జవాబు. అబ్బాయిలకు బ్యాటు పట్టడం నేర్పి, 2005లో ద్రోణాచార్య సాధించారామె.

2023, 2025ల్లో భారత్‌ గెలిచిన అండర్‌-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లు రెండింటికీ కోచ్‌ నూషిన్‌ అల్‌ ఖదీర్‌. ఆ రెండు జట్లలోనూ మన తెలుగమ్మాయిలు భద్రాచలం గొంగడి త్రిష, విశాఖ షబ్నమ్‌ షకీల్‌ ఉన్నారు. వాళ్లకు దొరికిన అవకాశం పుంగనూరు పిల్లలకు దొరక్కూడదని ఏముంది?

వంటింటి వేళ... మైదానం వేళ

నిన్నటి క్రీడాకారిణులు రేపటి కోచ్‌లు ఎందుకు కాలేకపోతున్నారు? గడియారం చూస్తే తెలిసిపోతుంది. మైదానంలో పని తెల్లవారుజామున ఐదు నుంచి ఏడున్నర దాకా. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటిపడే దాకా. సరిగ్గా అవే వేళల్లో ఇంట్లో పొయ్యి వెలగాలి, క్యారియర్లు కట్టాలి, పిల్లలను బడికి తయారు చేయాలి. భర్త కోచ్‌ అయితే భార్య ఆ పనులు చేస్తుంది. భార్య కోచ్‌ అయితే? 'ఉదయం వంట నేను చూసుకుంటాలే' అనే భర్త, 'మనవణ్ణి నేను పట్టుకుంటాపో' అనే అత్త ఉన్న ఇంట్లోంచే ఓ కోచ్‌ తయారవుతుంది.

పైగా చాలాచోట్ల ఈ కొలువు ఒప్పందం మీదే. జీతం అంతంతమాత్రం. ప్రసూతి సెలవు మీద భరోసా ఉండదు. మైదానంలో మరుగుదొడ్డి ఉంటే తాళం, తాళం లేకపోతే నీళ్లుండవు. పెళ్లి సంబంధాలప్పుడు 'టీచరు' అంటే వచ్చే గౌరవం 'కోచ్‌' అంటే రాదు. ఇన్ని దాటుకుని నిలబడటమంటే అదే ఓ హర్డిల్స్‌ పందెం.

కోచ్‌ కావాలంటే...

దారులు లేకపోలేదు. డిగ్రీ చదివినవాళ్లు పీఈసెట్‌ రాసి రెండేళ్ల బీపీఈడీలో, ఇంటర్‌ చదివినవాళ్లు డీపీఈడీలో చేరొచ్చు. పరుగు, దూకడం, గుండు విసరడం లాంటి శారీరక సామర్థ్య పరీక్షలుంటాయి. ఆడిన అలవాటున్న అమ్మాయికి అవి కష్టం కాదు. పెద్దవాళ్లకు ధీమా కావాలంటే తిరుపతిలోనే శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ వ్యాయామవిద్య కోర్సులున్నాయి, చదివేదీ అందరూ అమ్మాయిలే.

బడిలో కాకుండా అకాడమీల్లో శిక్షకురాలు కావాలనుకుంటే 1961లో పటియాలాలో మొదలైన నేతాజీ సుభాష్‌ జాతీయ క్రీడా సంస్థ ఏడాది డిప్లొమా ఉంది. అంత సమయం లేనివాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్‌ కోర్సూ ఉంది. శాయ్‌ దక్షిణాది కేంద్రం బెంగళూరులోనే. కుప్పంలో రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు.

ఉద్యోగాల సంగతా? రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో మహిళలకు మూడోవంతు రిజర్వేషన్‌ ఉంది. క్రీడల కోటాను కొత్త క్రీడావిధానం 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025లో 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీలోనూ ఈ కోటా అమలైంది. ఆడుకుంటూ కూర్చుంటే అన్నం పెడుతుందా అనే అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పాల్సిందే.

ఊరు చేయాల్సింది

అన్నీ సర్కారే చేయాలని ఎదురుచూడక్కర్లేదు. ప్రతి ఊళ్లోనూ ఒకప్పుడు జిల్లాకో, రాష్ట్రానికో ఆడి, పెళ్లయ్యాక సర్టిఫికెట్లను బీరువాలో దాచుకున్న ఆడవాళ్లుంటారు. వారానికి రెండు సాయంత్రాలు రమ్మని బడి యాజమాన్య కమిటీ వాళ్లను అడగొచ్చు. దారి ఖర్చులకు పూర్వవిద్యార్థులు తలా కొంత వేసుకోవచ్చు. పోటీలకు పిల్లల్ని పంపేటప్పుడు సారుతోపాటు ఓ మేడమ్‌నో, ఓ తల్లినో తప్పక పంపాలన్న మాట మీద నిలబడొచ్చు. పదో తరగతి అమ్మాయికి ఆరో తరగతి పిల్లల జట్టును అప్పగించి చూడొచ్చు. అజమాయిషీ చేయడం అలవాటయ్యేది ఆ వయసులోనే.

ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె అమ్మాయి ఎతిమరపు రజని హాకీ గోల్‌కీపర్‌గా ఎదిగింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్‌ ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా రజతం తెచ్చింది. ఈ నేలలో సత్తువకు లోటు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

దేశానికి పతకం వచ్చినప్పుడు మోగే 'జనగణమన'కు మదనపల్లెతో చుట్టరికం ఉంది. 1919లో ఇక్కడి బీసెంట్‌ థియోసాఫికల్‌ కాలేజీకి రవీంద్రుడు వచ్చినప్పుడు, ఆ పాటకు స్వరాలు రాసిపెట్టడంలో సాయపడింది మార్గరెట్‌ కజిన్స్‌ అనే మహిళే. పాట పాడించడానికి ఓ ఆడమనిషి ముందుకొచ్చిన ఊళ్లో, ఆట ఆడించడానికి ఇంకొందరు రాకపోతారా? ఈలైతే సిద్ధంగానే ఉంది. 'వెళ్లిరా తల్లీ, ఇల్లు మేం చూసుకుంటాం' అనే మాటే ఇంట్లోంచి రావాలి.